అరవై నాలుగో గడి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక చదరంగపు బల్ల ముందేసుకుని మావాడికి గుర్రం నడక నేర్పుతున్నాను. సరిగ్గా ఆ సమయానికి మా తోడల్లుడూ, మరదలూ వచ్చారు. రావడం సంతోషమే. కాని అతని చంకలో రంగురంగుల కాగితాల కట్ట ఒకటి వుంది. చంకలో కాగితాల కట్ట పెట్టుకుని వచ్చిన చుట్టం ఊరికే రాడని నా అనుభవం.

మంచినీళ్ళు తాగి కట్ట విప్పాడు. విషయం యిదీ. ఆరువేల రూపాయలు కట్టి ఒక పథకంలో చేరాలి. చేరినవాడు మరి ఇద్దరిని చేర్పించాలి. ఆ ఇద్దరూ తలా ఇద్దరిని చేర్పిస్తారు. ఆ నలుగురూ మళ్ళీ తలా ఇద్దరిని. కింద చేరిన ప్రతివాడి సొమ్ములోంచీ పైవాడికి వాటా వస్తూ వుంటుంది. మనం కాలుమీద కాలు వేసుకు కూచోవచ్చు.

"ఇద్దరంటే ఇద్దరే, అన్నగారూ! ఇంత ప్రపంచంలో మనకు తెలిసినవాళ్ళు ఇద్దరు దొరకరూ?" అన్నాడు. ఆ ఇద్దరిలో మొదటివాణ్ణి నేనే అన్న సంగతి చెప్పకుండానే తెలుస్తోంది.

ఆరువేల మాట వచ్చేసరికి మా మరదలి చెయ్యి మెడలోని గొలుసు మీదికి పోయింది. తన వంతూ, భర్త వంతూ కట్టడానికి మర్నాడు దాన్ని తాకట్టు పెట్టబోతున్నారట. గొలుసు పెట్టి గొలుసులో చేరడమన్నమాట! మా ఆవిడ నా వంక చూసింది. "ఏదో ఒకటి చెప్పండి, పోట్లాట మాత్రం రానివ్వకండి" అని ఆ చూపుకు అర్థం.

చుట్టాలతో మనం చెప్పకూడని మాటలు కొన్ని వుంటాయి. వాటిని లెక్కల చేత చెప్పించడం మేలు. లెక్కలకు మొగమాటం లేదు.

"ఆ సంగతి చూద్దాంలే. మావాడికి చదరంగం కథ ఒకటి బాకీ వున్నాను. నువ్వూ కూచుని విను" అన్నాను.

కథ మీకందరికీ తెలిసిందే. ఒకానొక రాజుకు సస్సా అనే బుద్ధిమంతుడు చదరంగం తయారుచేసి యిచ్చాడు. రాజు సంతోషించి ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేసి 64 గళ్ళకూ యిప్పించమన్నాడు సస్సా. "ఇంతేనా!" అని రాజు నవ్వాడు. 13వ శతాబ్దిలో అరబ్బీలో జీవితచరిత్రల నిఘంటువు రాసిన ఇబ్న్ ఖల్లికాన్ యీ కథ చెప్పాడు. ఆయనకు ముందునుంచీ కూడా కథ ప్రచారంలో వున్నదే.

మా ఆవిడ బియ్యపు డబ్బా తెచ్చి పెట్టింది. మావాడు గళ్ళలో గింజలు పేర్చసాగాడు. ఎనిమిదో గడికి 128. మొదటి వరస పూర్తయ్యేసరికి మొత్తం 255 గింజలు. చారెడు కూడా కాదు. "ఇంతేనా!" అన్నాడు మా తోడల్లుడు, అచ్చం ఆ రాజులాగే.

ఇక పేర్చడం మాని లెక్కకట్టాం. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుందాం. రెండో వరస చివరికి 65,535 గింజలు, అంటే కిలోమీద మూడు వందల గ్రాములు. చిన్న సంసారానికి రెండు మూడు పూటల అన్నం. మూడో వరస చివరికి మూడు క్వింటాళ్ళ పైచిలుకు. నాలుగో వరస, అంటే సగం బల్ల, పూర్తయితే 429 కోట్ల గింజలు, 86 టన్నులు. తొమ్మిది లారీలకు ఎత్తవచ్చు. ఇంతవరకూ రాజుగారి ధైర్యం చెక్కుచెదరదు. సగం బల్ల అయిపోయింది కదా, ఇంకో తొమ్మిది లారీలు పోతే పోయాయనుకుంటాడు.

మోసమంతా అక్కడే వుంది. వరస దాటినప్పుడల్లా మొత్తం 256 రెట్లకు మించి పెరుగుతుంది. ఐదో వరసకు 22 వేల టన్నులు. ఆరుకు 56 లక్షల టన్నులు. ఏడుకు 144 కోట్ల టన్నులు. ఎనిమిదో వరస పూర్తయ్యేసరికి 36,900 కోట్ల టన్నులు. ఈ కాలంలో ప్రపంచమంతటా ఏడాదికి పండే బియ్యం యాభై కోట్ల టన్నులకు కాస్త పైన. అంటే సస్సాకు చెల్లించాలంటే భూమండలమంతా పస్తుండి, ఏడువందల ఏళ్ళ పంట అతని వాకిట్లో పొయ్యాలి.

గింజల సంఖ్య కావాలంటే యిదిగో:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇరవై అంకెలు. చదవాలంటే 1,84,467 కోటి కోట్లు, 44,07,370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. కూడడానికి చిన్న కిటుకు వుంది. ఏ గడిలో చూసినా, అంతకు ముందు గళ్ళన్నిటి మొత్తం కంటె సరిగ్గా ఒక గింజ ఎక్కువ వుంటుంది. 1, 2, 4 కలిపితే 7. తరవాతి గడిలో 8. ఆ ఎనిమిదీ కలిపితే 15. తరవాతి గడిలో 16. అంచేత 65వ గడి వుంటే అందులో ఎన్ని గింజలు పడతాయో చూసి, ఒకటి తీసేస్తే సరిపోతుంది. ఈ ఒక గింజ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. మా మరదలి గొలుసు దానిమీదే ఆధారపడి వుంది.

సుమారు క్రీ.శ. 1000 ప్రాంతాన అల్ బిరూనీ యీ లెక్కను యింకా తేలిక చేశాడు. 2ను 2తో గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. పదహారును పదహారుతో గుణిస్తే 256. దాన్ని దానితోనే గుణిస్తే 65,536. మళ్ళీ గుణిస్తే 429,49,67,296. ఇంకొక్కసారి గుణించి ఒకటి తీసేస్తే మన సంఖ్య. అరవై నాలుగు రెట్టింపులకు బదులు ఆరే గుణకారాలు!

మన తెలుగువాళ్ళూ తక్కువ తినలేదు. మహావీరాచార్యులు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. చదరంగపు మొత్తాన్ని ఒకే ఒక్క పద్యంలో యిమిడ్చిన ఘనత కూడా ఆయనదేనని చెప్పుకుంటారు. అంకెలకు బదులు మాటలు వాడడం ఆ రోజుల పద్ధతి. చంద్రుడంటే ఒకటి. వేదాలంటే నాలుగు. మన్మథుడి బాణాలంటే ఐదు. కొండలంటే ఏడు, దిగ్గజాలున్నాయి కనక ఏనుగంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. ఇరవై అంకెలకు ఇరవై మాటలు, గణయతిప్రాసలతో సహా. ఇది వినోదానికి చేసిన పని కాదు. తాటాకు మీద అంకె ఒకటి చెడితే ఎవరికీ తెలియదు. పద్యంలో మాట చెడితే నడక చెడుతుంది, పట్టుబడిపోతుంది.

సరే, యింత పెద్ద సంఖ్య యే జాతిదో చూద్దాం. మనుషుల్లో లేనిపోని జాతిభేదాలు మంచివి కావు గాని, సంఖ్యల్లో వాటిని విచారించడమే గణితజ్ఞుల వేడుక.

చివర 5 వుంది కనక బేసి సంఖ్య, ఐదుతో పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. అంచేత మన సంఖ్యా అంతే. మిగతా కారణాంకాలకు పాత బడి సూత్రం ఒకటి చాలు. ఒక సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసేస్తే, ఆ సంఖ్యకు ఒకటి కలిపినదీ, ఒకటి తీసినదీ, యీ రెంటి లబ్ధం వస్తుంది. పది వర్గం 100లోంచి ఒకటి తీస్తే 99, అంటే 11 తొమ్మిదులు. మనది కూడా ఒక వర్గంలోంచి ఒకటి తీసిందే కదా? అల్ బిరూనీ మెట్లు పైనుంచి కిందికి దిగితే చాలు. ఒక్కొక్క మెట్టు మీదా ఒకటి కలిపిన సంఖ్య విడివడుతుంది: 429,49,67,297, 65,537, 257, 17, 5, 3. ఈ ఆరింటినీ గుణిస్తే సస్సా గింజలు.

ఈ ఆరింటికీ పెద్ద చరిత్ర వుంది. 17వ శతాబ్దిలో ఫెర్మా అనే ఫ్రెంచి న్యాయాధికారి, తీరిక వేళల్లో గణితం చేసేవాడు, యిలాంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయివుంటాయని 1640లో ఊహించాడు. అంటే ఒకటితోనూ, తమతోనూ తప్ప మరి దేనితోనూ పోనివి. మొదటి ఐదింటికీ ఆయన మాట నిజం. ఆరోది పది అంకెల సంఖ్య, ఎవరు భాగించి చూస్తారు? తొంభై రెండేళ్ళకు, 1732లో, ఆయిలర్ చూశాడు. ఆయన గుడ్డిగా భాగించలేదు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా వుంటే, అది 64 గుణిజానికి ఒకటి కలిపినదే అయివుండాలని కనిపెట్టాడు. చూశారా, యిక్కడా అరవై నాలుగే! అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోది తగిలింది. 429,49,67,297 అంటే 641 పెట్టి 67,00,417ను గుణించినదే. ఫెర్మా అంతటివాడి ఊహ ఒక్క భాగాహారంతో కూలిపోయింది. ఆ తరవాత ఈనాటివరకూ ఆ కోవలో ఆరో ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు.

మొదటి ఐదూ మాత్రం మరొక విధంగా ధన్యమయ్యాయి. స్కేలూ, కంపాసూ తప్ప మరే పరికరమూ లేకుండా సమభుజాల ఆకారాలు గీయాలంటే మూడు భుజాలకూ, ఐదు భుజాలకూ గ్రీకులే దారి చెప్పారు. రెండువేల ఏళ్ళ పాటు కొత్తది ఒక్కటీ చేరలేదు. 1796లో, పందొమ్మిదేళ్ళు యింకా నిండని గౌస్, 17 భుజాల ఆకారం గీయవచ్చునని నిరూపించాడు. 257కూ, 65,537కూ కూడా అది వర్తిస్తుంది. ఈ ఐదింటినీ వేర్వేరుగానూ, కలిపి గుణించీ బేసి భుజాల ఆకారాలు 31 వస్తాయి. అన్నిటిలోకీ పెద్దదానికి భుజాలు 429,49,67,295. అది సగం చదరంగపు బల్లకు పట్టే గింజల సంఖ్యేనని మావాడు పట్టుకున్నాడు. నేను చెప్పకముందే పట్టుకున్నందుకు వాడికి బెల్లంముక్క దొరికింది.

కాబట్టి మన సంఖ్యకు కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండుసార్లు రాదు. ఏడుగురిలో ఒక్కొక్కరిని పిలవడమో మానడమో మన యిష్టం కనక, భాజకాలు మొత్తం 128.

ఇంకొక పాత విభజన వుంది. ఒక సంఖ్యను భాగించేవాటిని, ఆ సంఖ్యను తప్పించి, కూడి చూడాలి. మొత్తం ఆ సంఖ్యకు సమానమైతే పరిపూర్ణం, మించితే అధికం, చాలకపోతే న్యూనం. ఆరును భాగించేవి 1, 2, 3, కూడితే ఆరు. అది పరిపూర్ణం. మన సంఖ్య చూడబోతే యింత దేహం పెట్టుకుని న్యూనమే! దాని భాజకాలన్నీ కూడబెట్టినా రూపాయికి డెబ్భై పైసలే వస్తాయి. భారీ మనిషికి ఆస్తి ఎక్కువ వుంటుందనుకోవడం ఎంత పొరపాటో చూడండి.

అదే బల్లకు 61 గళ్ళే వుండివుంటే కథ వేరు. అప్పటి మొత్తం 2,30,58,43,00,92,13,69,39,51. అది ప్రధాన సంఖ్య. ఆ సంగతి 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే మతగురువు తేల్చాడు. ఆ మొత్తాన్ని 61వ గడిలోని గింజల సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. రెండు గళ్ళకు 3ను 2తో గుణిస్తే 6, మూడు గళ్ళకు 7ను 4తో గుణిస్తే 28, ఇలాగే. మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా యిది పనిచేస్తుందని యూక్లిడ్ ఏనాడో చెప్పాడు.

అదే 1883లో ఎదువార్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటవస్తువు అమ్మకానికి పెట్టాడు. మూడు కొయ్యలు, ఒకదానికి చిల్లుబిళ్ళలు, పెద్దది అడుగున, చిన్నది పైన. ఒకసారికి ఒక బిళ్ళే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, మొత్తం మరొక కొయ్యకు మార్చాలి. దానికో కథ కూడా తగిలించారు. కాశీలో ఒక గుడిలో 64 బంగారు బిళ్ళలున్నాయనీ, పూజారులు రాత్రింబవళ్ళు వాటిని మారుస్తున్నారనీ, అది పూర్తికాగానే ప్రళయం వస్తుందనీ. కథ పుట్టింది ఫ్రాన్సులో, కాశీవాసులు భయపడనక్కరలేదు. అడుగు బిళ్ళ కదలాలంటే పైవన్నీ ఒకసారి పక్కకు పోవాలి, మళ్ళీ దానిమీదికి రావాలి. అంటే బిళ్ళ ఒకటి పెరిగితే ఎత్తులు రెట్టింపై ఒకటి పెరుగుతాయి: 1, 3, 7, 15. అరవై నాలుగింటికి మళ్ళీ మన సంఖ్యే! సెకండుకు ఒక ఎత్తు చొప్పున 58,454 కోట్ల సంవత్సరాలు. ఈ విశ్వం పుట్టి శాస్త్రజ్ఞుల లెక్కన సుమారు 1,380 కోట్ల ఏళ్ళే. మన పురాణాల లెక్కన బ్రహ్మకు ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 864 కోట్ల ఏళ్ళు కనక, ఆయనకిది రెండు నెలల పని.

ఇక్కడికి వచ్చేసరికి మా తోడల్లుడు కాగితాల కట్ట మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కథ బాగుంది, అన్నగారూ. కాని మా పథకంలో గింజలు లేవు, మనుషులు కదా!" అన్నాడు.

"అదే చిక్కు, నాయనా. గింజలైతే మళ్ళీ పండుతాయి" అన్నాను. మావాడి పలక తీసుకుని మొదటి వరసలో ఒకడు, రెండో వరసలో ఇద్దరు, మూడో వరసలో నలుగురు అని రాశాను. ముప్ఫైయొకటో వరస పూర్తయితే మొత్తం 214 కోట్లు. మన దేశంలో చంటిపిల్లలతో సహా అంతమంది లేరు. ముప్ఫైమూడో వరస పూర్తి కావాలంటే 858 కోట్ల మంది కావాలి. భూగోళమంతా వెదికినా చాలరు. సస్సా బల్ల సగం దాటగానే మనుషులైపోయారు.

"అంత దూరం పోనక్కరలేదు. పది వరసల్లో మా పని అయిపోతుంది" అన్నాడు. అతనిలో రాజుగారు యింకా బతికే వున్నారు.

అప్పుడు మా ఆవిడ, అంతవరకూ బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మనిషి, తలెత్తకుండానే అడిగింది: "పదో వరసలో ఆగిపోయిందనుకోండి, మరిదిగారూ. ఆ అడుగు వరసలో ఎంతమంది వుంటారు?"

మావాడు లెక్కకట్టాడు. "512."

"వాళ్ళ పైన?"

"511."

అందరం ఆ పలక వంక చూశాం. గుర్తుంచుకోమన్న ఒక్క గింజ యిదే. ఏ వరస దగ్గర ఆగినా సరే, అడుగు వరసలో వున్నవాళ్ళు పైనున్న వాళ్ళందరికంటె ఒకరు ఎక్కువ. వాళ్ళ కింద ఎవరూ లేరు. వాళ్ళు కట్టిన సొమ్మే పైవాళ్ళు పంచుకున్నారు. అదృష్టం, తెలివి, కష్టం, వీటితో పనిలేదు. చేరినవాళ్ళలో సగానికి పైగా మునిగితేనే పథకం నిలుస్తుంది. మునిగేది మన తరవాత చేరినవాళ్ళు. అంటే మనం నమ్మించి తీసుకొచ్చినవాళ్ళు. మా అక్కచెల్లెళ్ళూ, పక్కింటి పిన్నిగారూ, ఆఫీసు గుమాస్తా.

"ఆ 512 మందిలోనూ మెడల్లో గొలుసులు వుంటాయి కదూ, అక్కా" అంది మా మరదలు.

ఇలాంటి డబ్బు చలామణీ పథకాలను నిషేధిస్తూ 1978లోనే మన దేశంలో చట్టం చేశారు. నడపడమే కాదు, చేర్పించడం, చేరడం కూడా నేరమే. ఈ ముక్క మొదటే చెప్పవచ్చును. కాని చట్టం చూపిస్తే మనిషి మరో దారి వెదుకుతాడు, లెక్క చూపిస్తే ఆగి ఆలోచిస్తాడని నా నమ్మకం. మా తోడల్లుడు వెళ్ళేటప్పుడు కాగితాల కట్ట మా యింట్లోనే మరిచిపోయాడు. మరిచిపోయాడో, వదిలేశాడో నేను అడగలేదు. గొలుసు మాత్రం మెడలోనే వెళ్ళింది.

బల్లమీద మిగిలిన 255 గింజలూ మా ఆవిడ తిరిగి డబ్బాలో పోసింది. లెక్కపెట్టి మరీ పోసిందని మావాడి ఫిర్యాదు.

పిల్లలకు ఈ వారం ప్రశ్న: అరవై నాలుగు గళ్ళలో ఏ గడిలోనైనా గింజల సంఖ్య చివర సున్న వస్తుందా? రాకపోతే ఎందుకు రాదు? గళ్ళన్నీ నింపి చూడనక్కరలేదు. మొదటి వరస చాలు. ఇంట్లో బియ్యం ఖర్చు కానివ్వకండి. జవాబు వచ్చే వారం.